ఆర్కిడ్‌కు మట్టి వద్దు... గాలి కావాలి!

గృహప్రవేశానికో, పెళ్లిరోజుకో ఎవరో ఒకరు తెల్లటి ఆర్కిడ్ కుండీ తెచ్చి చేతిలో పెడతారు. హాల్లో అందరికీ కనబడేలా పెట్టుకుంటాం. రెండు నెలలైనా పూలు వాడకపోతే, వచ్చిన చుట్టాలు నిజం పువ్వులేనా అని తాకి మరీ చూస్తారు. పూలు రాలాక మాత్రం చాలా ఇళ్లలో ఒకటే కథ. ఆకులు మెత్తబడతాయి, ముడతలు పడతాయి. నీళ్లు చాల్లేదేమోనని ఇంకో చెంబు పోస్తాం. నెల తిరిగేసరికి మొక్క పోతుంది. ఇళ్లలో పెంచే ఆర్కిడ్లలో ఎండి చచ్చేవాటికన్నా తడిసి చచ్చేవే ఎక్కువ. దాని వేరు సంగతి మనకెవరూ చెప్పకపోవడమే దీనికి కారణం. అందుకే ఈసారి పువ్వును కాసేపు పక్కనపెట్టి వేరు దగ్గర మొదలుపెడదాం.

చెట్టెక్కి బతికే మొక్క

ప్రపంచంలో దాదాపు 28 వేల ఆర్కిడ్ జాతులున్నాయని మీకు తెలుసా? పూలమొక్కల్లో ఇంత పెద్ద కుటుంబం మరొక్కటే ఉంది, చామంతీ పొద్దుతిరుగుడూ పుట్టిన కుటుంబం. ఈ 28 వేలలో ఇంచుమించు పదింట ఏడు జాతులకు నేలతో పనిలేదు. చెట్ల కొమ్మల మీద పుట్టి అక్కడే పూసి, అక్కడే కాస్తాయి.

చెట్టు మీద పెరిగే మొక్క అనగానే మనకు మామిడిచెట్టును పట్టి పీడించే బదనిక గుర్తొస్తుంది. రెండింటికీ పోలికే లేదు. బదనిక వేరు కొమ్మలోకి దిగి చెట్టు రసం పీలుస్తుంది. ఆర్కిడ్ వేరు బెరడును పట్టుకుని ఉంటుందే తప్ప లోపలికి దిగదు. కొమ్మ మీదుగా జారే వాననీళ్లు, బెరడు సందుల్లో చేరిన ఆకుల పొడి, పక్షుల రెట్ట, ఇవే దానికి తిండి. వాన కురిసినంతసేపూ తడుస్తుంది. వెలిసిన కాసేపటికి గాలి తగిలి ఆరిపోతుంది. తడవడం, ఆరడం, మళ్లీ తడవడం... లక్షల ఏళ్లుగా ఆ వేరుకు అలవాటైన జీవితం ఇది.

అలాంటి వేరును తెచ్చి మనం ఎర్రమట్టిలో పూడుస్తాం. మట్టి రోజుల తరబడి తడిగానే ఉంటుంది, లోపలికి గాలి ఆడదు. వేరు కుళ్లుతుంది. కుళ్లిన వేరు నీళ్లు పీల్చలేదు కాబట్టి ఆకులకు నీళ్లందక వాడతాయి. పైనుంచి చూసేవాళ్లకు అది దాహంలాగే కనిపిస్తుంది. అందుకే మళ్లీ నీళ్లు పోస్తాం. ఆర్కిడ్ల విషయంలో గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఒక్కటే ఉంటే, అది ఇదే. ఆకు వాడిందంటే వెంటనే నీళ్లచెంబు అందుకోకండి, ముందు వేరు చూడండి. నొక్కితే గట్టిగా ఉన్న వేరు బతికున్నట్టు. మెత్తగా నలిగి, పైపొర ఊడొచ్చి లోపల దారంలాంటి ఈనె మిగిలితే అది చచ్చిన వేరు. శుభ్రమైన కత్తెరతో దాన్ని తీసేయాల్సిందే.

నీళ్లు ఎప్పుడో వేరే చెబుతుంది

ఆర్కిడ్ వేరు చుట్టూ వెలామెన్ అనే పొర ఉంటుంది. అవన్నీ చచ్చిపోయిన ఖాళీ కణాల వరసలు. వానచుక్క పడగానే చప్పున పీల్చుకుని లోపలి వేరుకు అందించడం వాటి పని. ఎండినప్పుడు ఆ కణాల నిండా గాలే కాబట్టి వేరు వెండి రంగులో మెరుస్తుంది. తడిశాక పొర పారదర్శకమై లోపలి పచ్చదనం బయటపడుతుంది. అవును, ఈ వేళ్లలో ఆకుల్లో ఉన్నట్టే పత్రహరితం ఉంటుంది. వెలుతురు తగిలితే కొంత ఆహారం కూడా తయారుచేసుకుంటాయి. కానుకగా ఇంటికొచ్చే ఆ తెల్లటి ఆర్కిడ్ రకం పేరు ఫెలనాప్సిస్. నర్సరీలు ఈ మొక్కల్ని పారదర్శకమైన ప్లాస్టిక్ కుండీల్లో అమ్మేది ఇందుకే. చాలామంది ఆ కుండీని అందంగా లేదని తీసి పారేస్తారు. ఉంచుకోండి. అందం కావాలంటే పెద్ద పింగాణీ కుండీలో ఈ ప్లాస్టిక్ కుండీని దింపుకోవచ్చు, అడుగున నీళ్లు నిలవకుండా చూసుకుంటే చాలు.

వారానికి రెండుసార్లు పోయాలా, మూడుసార్లా అని అడుగుతుంటారు. లెక్క అక్కర్లేదు. కుండీ గోడకు ఆనిన వేళ్లు పచ్చగా ఉంటే ఈరోజు వద్దు. వెండి రంగుకు తిరిగితే బాగా తడిసేలా పోసి, కింది నుంచి మొత్తం కారిపోనివ్వాలి. మే నెలలో ఇది రెండ్రోజులకోసారి కావచ్చు, ముసురు పట్టిన జులైలో వారమైనా అవసరం పడకపోవచ్చు.

మట్టి బదులు ఏం వేయాలంటే, మన చుట్టూ ఉన్నవే. కట్టెబొగ్గులు, పగిలిన పెంకు ముక్కలు, ఇటుక ముక్కలు, కొబ్బరి డొక్క ముక్కలు. బొటనవేలి కొసంత ముక్కలైతే మధ్యలో గాలి ఆడుతుంది. కొబ్బరి డొక్కలో ఉప్పు ఉంటుంది, రెండు మూడు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టి కడిగాకే వాడాలి. దిగుమతైన మొక్కలు తరచూ స్ఫాగ్నమ్ నాచులో బిగించి వస్తాయి. పైన ఎండినట్టు కనిపించినా ఆ నాచు ఉండ మధ్యలో తడి దాగి ఉంటుంది. పూలు రాలాక మొక్కను మెల్లగా బయటికి తీసి, ఆ నాచు వదిలించి, బొగ్గు ముక్కల్లోకి మార్చేయడం మేలు. కుండీ దాటి గాల్లోకి సాగే వేళ్లను కత్తిరించకండి. వాటిని బలవంతంగా లోపలికి దూర్చనూ వద్దు. మొక్క ఆరోగ్యంగా ఉందనడానికి అవే గుర్తు.

ధనవంతుల అద్దాల ఇళ్లలో

ఆర్కిడ్‌కు గాలి ఆడనివ్వకపోవడమనే ఈ పొరపాటు మనతో మొదలైంది కాదు. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో ఆర్కిడ్ల పిచ్చి పట్టుకుంది. ఉష్ణదేశాల నుంచి ఓడల్లో వచ్చిన మొక్కల్ని ధనవంతులు బొగ్గు పొయ్యిలతో వేడిచేసే అద్దాల ఇళ్లలో పెట్టారు. ఉష్ణదేశం అంటే ఉడుకు, ఆవిరి అనుకుని తలుపులూ కిటికీలూ మూసేశారు. ఎక్కడో చల్లటి కొండల మీద, గాలి వీచే కొమ్మల మీద పెరిగినవి కూడా ఆ ఉక్కలో చేరాయి. వేలకు వేలు చచ్చిపోయాయి. ఇంగ్లండ్ ఆర్కిడ్ల శ్మశానమైందని అక్కడి వృక్షశాస్త్రవేత్తలే బాధపడ్డారు.

దారి మార్చినవారిలో ముందు చెప్పుకోవాల్సిన పేరు జోసెఫ్ పాక్స్టన్. చాట్స్‌వర్త్‌లో డెవన్‌షైర్ డ్యూక్ తోటకు ఆయన పెద్ద తోటమాలి. అద్దాల ఇళ్లకు గాలి ఆడే ఏర్పాటు చేశాడు. వేడి కావాల్సినవాటినీ చల్లదనం కోరేవాటినీ వేరు చేశాడు. మొక్కలు నిలిచాయి. లండన్‌లో 1851 మహా ప్రదర్శన కోసం క్రిస్టల్ ప్యాలెస్ అనే బ్రహ్మాండమైన అద్దాల భవనానికి రూపమిచ్చిందీ ఈ తోటమాలే! గ్రామటోఫిల్లమ్ అనే ఆర్కిడ్ మొక్క ఒకటి రెండు టన్నుల బరువుతో ఆ ప్రదర్శనలో నిలబడిందంటారు. ఆర్కిడ్లన్నీ అరచేతిలో ఇమిడేవని అనుకునేవాళ్లకు ఇది తెలియాలి.

ఆ డ్యూక్ గారి సేకరణకు మన దేశమే పెద్ద ఆధారం. 1835లో జాన్ గిబ్సన్ అనే యువ తోటమాలిని ఖాసీ కొండలకు పంపారు. ఆయన రెండేళ్లలో వందకు పైగా ఆర్కిడ్ రకాలతో తిరిగి వెళ్లాడు. 1850లో వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హుకర్ అదే కొండల్లో నీలి వాండా అనే ఆర్కిడ్‌ను చూసి, ఏడుగురు మనుషులు మోసేంత మొక్కల్ని లండన్‌లోని క్యూ తోటలకు పంపాడు. ప్రాణాలతో చేరినవి కొన్నే. ఈ సంగతి ఆయనే రాసిపెట్టాడు. చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

బోరు నీళ్లా, ఆర్వో నీళ్లా?

కొమ్మ మీది మొక్కకు తెలిసింది వాననీరే. అందులో ఉప్పు దాదాపు ఉండదు. మన బోరు నీళ్లలో ఉండే లవణాలు వేరు కొసల్ని కాల్చేస్తాయి, ఆకుల కొనలు నల్లబడతాయి, బొగ్గు ముక్కల మీద తెల్లటి పొర పేరుకుంటుంది. వర్షాకాలంలో డాబా మీద బకెట్లు పెట్టి నీళ్లు పట్టుకుంటే అంతకన్నా మంచిది లేదు. ఏసీ నుంచి కారే నీళ్లలోనూ లవణాలు తక్కువే, మిషన్ శుభ్రంగా ఉంటే వాడుకోవచ్చు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. ఆర్వో ఫిల్టర్ బయటికి వదిలే వృథా నీటిని చాలామంది పొదుపు కోసం మొక్కలకు పోస్తారు. మిషన్ వడకట్టిన ఉప్పంతా అందులోనే ఉంటుంది. ఆర్కిడ్‌కు అది చేరనివ్వకండి. ఫిల్టరైన మంచినీళ్లు పోయొచ్చు.

పొద్దున్నే పోయాలి. ఫెలనాప్సిస్‌లో ఆకులన్నీ కలిసే నడిమి గుంటలో నీళ్లు నిలిస్తే రాత్రికి కుళ్లు మొదలవుతుంది. ఈ మొక్కకు చిగురు ఒక్కటే, అది పోతే కోలుకోవడం చాలా కష్టం. పొరపాటున పడితే కాగితంతో అద్దేయండి.

వారానికి మూడు ఐస్ ముక్కలు పెడితే చాలన్న సలహా మీరూ వినే ఉంటారు. అమెరికాలో ఒహాయో స్టేట్, జార్జియా విశ్వవిద్యాలయాల వాళ్లు దీన్ని పరీక్షించి, ఐస్ వల్ల ఫెలనాప్సిస్ పూల ఆయుష్షు తగ్గలేదని 2017లో ప్రకటించారు. అయితే అది అక్కడి గదుల సంగతి. మన వేసవిలో బొగ్గు ముక్కల మీద ఆ కాసిని నీళ్లు ఏ మూలకూ చాలవు.

రాత్రిపూట తెరుచుకునే ఆకు

మామూలు మొక్కలు పగలు ఆకు రంధ్రాలు తెరిచి బొగ్గుపులుసు వాయువు తీసుకుంటాయి. ఫెలనాప్సిస్, వాండా, కాట్లియా వంటి ఆర్కిడ్లు అలా చేయవు. ఎడారి మొక్కల్లా పగలంతా రంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి గాలి తీసుకుని, ఆమ్లంగా మార్చి దాచుకుని, మర్నాడు వెలుతురులో వాడుకుంటాయి. కొమ్మ మీద నీళ్లు నిలవవు కదా, పగటి ఎండలో తడి పోగొట్టుకోకుండా ఈ ఏర్పాటు. రాత్రులు కూడా ఉడికిపోతుంటే ఈ పని కుంటుపడుతుంది. వేసవిలో గదిలో గాలి ఆడనివ్వడం అందుకే ముఖ్యం.

చలి తగిలితేనే పూత

‘ఆకులు నిగనిగలాడుతున్నాయి, మూడేళ్లయినా పూయదు’ అన్నది కోస్తా నుంచి ఎక్కువగా వినిపించే మాట. ఫెలనాప్సిస్‌కు పూలకాడ రావాలంటే కొన్ని వారాలు వాతావరణం చల్లబడాలి. 25 డిగ్రీలకు అటూ ఇటూ అయితే కాడ వేస్తుంది. పగలూ రాత్రీ 28 దాటి ఉంటే ఆకులే వేస్తూ పోతుంది. హైదరాబాద్‌లో నవంబరు నుంచి జనవరి దాకా రాత్రులు బాగా చల్లబడతాయి కాబట్టి కిటికీ దగ్గరున్న మొక్క తనంతట తానే కాడ తీస్తుంది, అక్కణ్నుంచి రెండు మూడు నెలలకు పూస్తుంది. బెజవాడలో, రాజమండ్రిలో ఆ అవకాశం తక్కువ. అక్కడివాళ్లు చలికాలం రాత్రుల్లో మొక్కను బాల్కనీలో చల్లగాలి తగిలేచోట పెట్టి చూడాలి.

పూలు రాలాక కాడ పచ్చగానే ఉంటే మొదలంటా కోసేయకండి. కింది నుంచి రెండో మూడో కణుపు పైన కోస్తే, ఆ కణుపు నుంచి కొత్త కొమ్మ వచ్చి మళ్లీ పూయొచ్చు. మొక్క నీరసంగా ఉంటే మాత్రం కాడ మొత్తం తీసేసి దానికి విశ్రాంతినివ్వడమే న్యాయం.

వెలుతురు సంగతి ఆకు రంగు చెబుతుంది. ముదురు ఆకుపచ్చ అంటే వెలుతురు చాల్లేదు. పసుపుగా, ఎర్రగా తిరుగుతుంటే ఎండ ఎక్కువైంది. గడ్డి పచ్చదనం ఉంటే సరిగ్గా ఉంది. తూర్పు కిటికీకి మించిన చోటు లేదు.

మామిడికాయలు మగ్గేచోట పెట్టకండి

ఫెలనాప్సిస్ పువ్వు రెండు మూడు నెలలు ఎందుకు నిలుస్తుందో తెలుసా? అడవిలో దాన్ని వెతుక్కుంటూ వచ్చే కీటకం ఎప్పుడో గానీ రాదు. అది వచ్చేదాకా పువ్వు కాచుకుని ఉంటుంది. పుప్పొడి ముద్ద కీలాగ్రానికి అంటగానే పువ్వులో ఎథిలీన్ వాయువు పుట్టి, ఒకటి రెండు రోజుల్లోనే వాడిపోతుంది. పని అయిపోయింది కదా! పిల్లలు ముచ్చటపడి పువ్వు నడుమ వేలు పెట్టకుండా చూడాలి.

ఈ ఎథిలీనే పండ్లను మగ్గబెట్టేదీ. ఏప్రిల్, మే నెలల్లో మామిడికాయలు గడ్డిలో వేసిన గదిలో, అరటిగెల వేలాడదీసిన వరండాలో ఆర్కిడ్ ఉంటే మొగ్గలు విచ్చకుండానే పసుపుబారి రాలిపోతాయి, విచ్చిన పూలు ముడుచుకుపోతాయి. డైనింగ్ టేబుల్ మీద పండ్లబుట్ట పక్కన పెట్టినా ఈ ప్రమాదం ఉంది. పొగలోనూ ఎథిలీన్ ఉంటుంది, కాబట్టి రోజూ అగరుబత్తీలు వెలిగించే పూజగది కూడా మొగ్గమీదున్న ఆర్కిడ్‌కు తగిన చోటు కాదు.

కీటకం కోసం ఎదురుచూపు ఎంతటిదో వనిల్లా చెబుతుంది. ఐస్‌క్రీంలో మనం తినే వనిల్లా ఆర్కిడ్ కాయే. దాని సొంతగడ్డ మెక్సికో. తీగను వేరే దేశాలకు తీసుకెళితే పూసింది గానీ, పుప్పొడి చేర్చే కీటకం లేక కాయలేదు. 1841లో రీయూనియన్ దీవిలో బానిసగా ఉన్న పన్నెండేళ్ల ఎడ్మండ్ ఆల్బియస్ సన్నటి పుల్లతో పుప్పొడిని అంటించే సులువు కనిపెట్టాడు. నేటికీ ప్రపంచంలో వనిల్లా తోటలు ఆ కుర్రవాడి పద్ధతి మీదే నడుస్తున్నాయి.

మెలితిరిగే మొగ్గ

ఆర్కిడ్ పువ్వులో ఒక రేకు మిగతావాటికి భిన్నంగా ఉంటుంది, దాన్ని పెదవి అంటారు. మొగ్గగా ఉన్నప్పుడు ఆ పెదవి పైవైపున ఉంటుంది. విచ్చుకునేలోగా తొడిమ అర్ధచక్రం తిరిగి దాన్ని కిందికి తెస్తుంది. వచ్చే కీటకానికి వాలే చోటు అమరాలి కదా. మొగ్గలు ఎదుగుతున్నప్పుడు కుండీని రోజుకో వైపు తిప్పితే పూలు తలో దిక్కూ చూస్తాయి. కాడ కనబడిన రోజు నుంచి పూసేదాకా కుండీ కదల్చకండి.

కళ్లు చెదిరే నీలం

నర్సరీలో ముదురు నీలం ఫెలనాప్సిస్ కనబడితే ఆగి ఆలోచించండి. తెల్లపూల మొక్క కాడకు రంగు ఎక్కించి అలా తయారుచేస్తారు. మళ్లీ పూసినప్పుడు తెల్లగానే పూస్తుంది. కాడ మీద చిన్న రంధ్రం, దాని చుట్టూ నీలపు మరక కనిపిస్తే అదే ఆనవాలు. ఎక్కువ ధర పెట్టి కొనాల్సిన పని లేదు.

గింజల ప్యాకెట్టు కొనొద్దు

ఆన్‌లైన్‌లో రంగురంగుల ఫొటోలతో ఆర్కిడ్ గింజలని అమ్ముతుంటారు. దయచేసి కొనకండి. ఆర్కిడ్ గింజ దుమ్ములా ఉంటుంది, ఊదితే ఎగిరిపోతుంది. బియ్యపు గింజలో మనం తినేదంతా మొలక కోసం తల్లి దాచిన తిండి. ఆర్కిడ్ గింజలో అలాంటిదేమీ లేదు. అడవిలో ఒక రకం బూజు వచ్చి దానిలో చేరి ఆహారం అందిస్తేనే మొలుస్తుంది. ఈ రహస్యాన్ని 1899లో పట్టుకున్నవాడు ఫ్రాన్స్‌కు చెందిన నోయెల్ బెర్నార్డ్. ఇంట్లో కుండీలో చల్లితే మొలవదు గాక మొలవదు.

ఆర్కిడ్ లెక్కలేనన్ని గింజలు ఎందుకు వేస్తుందో ఇప్పుడు తెలుస్తుంది. డార్విన్ ఒక నేల ఆర్కిడ్ మొక్కకు 1,86,300 గింజలుంటాయని లెక్కగట్టాడు. అన్నీ మొలిచి పెరిగితే మునిమనవల కాలానికి భూమిమీది నేలంతా ఆ ఒక్క మొక్క సంతానమే కమ్మేస్తుందని 1862లో రాశాడు. అలా కమ్మలేదంటే ఎన్ని గింజలు వృథా అవుతాయో ఊహించండి.

1922లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో లూయిస్ నడ్సన్ బూజు అవసరం లేకుండా, చక్కెర కలిపిన పోషకాల జెల్లీ మీద సీసాలో గింజల్ని మొలిపించాడు. 1960లో ఫ్రాన్స్‌లో జార్జ్ మోరెల్ చిగురు కొస నుంచి మొక్కల్ని పెంచి చూపాడు. ఒకప్పుడు జమీందార్లకు మాత్రమే దక్కిన పువ్వు ఇవాళ మన హాల్లోకి వచ్చిందంటే ఆ సీసాల వల్లే. తైవాన్, నెదర్లాండ్స్ దేశాల్లో లక్షల మొక్కలు ఇలాగే పుడుతున్నాయి.

మన ఎండలకు ఏది?

మొదటి మొక్కగా ఫెలనాప్సిస్ కొంటారు గానీ, తెలుగు రాష్ట్రాల వేడికి నా ఓటు డెండ్రోబియంకే. పెళ్లి మండపాల్లో ఊదా, తెలుపు కలిసిన పూలకాడలు చూస్తారే, అవే. చాలావరకు థాయ్‌లాండ్ పూలు. రకరకాల డెండ్రోబియంలను కలిపి పుట్టించిన ఈ సంకరాల పూర్వీకుల్లో ఒకటైన డెండ్రోబియం బిగిబ్బమ్ ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్ర పుష్పం, 1959 నుంచి. వేడి దీనికి కొత్త కాదు. చిల్లులున్న మట్టి కుండీలో పెంకు, బొగ్గు ముక్కలు వేసి, బాల్కనీలో ఉదయపు ఎండ తగిలేలా, మధ్యాహ్నానికి సగం నీడనిచ్చే షేడ్ నెట్ కింద ఉంచితే ఏడాదిలో ఒకటికి రెండుసార్లు పూస్తుంది. ఆకులు రాలిన పాత కాండాల్ని ఎండిపోయాయని కోసేస్తుంటారు. వాటిలో నీళ్లూ పోషకాలూ నిల్వ ఉంటాయి, వాటి నుంచే మళ్లీ పూలూ రావచ్చు. ముడుచుకుపోయి గోధుమరంగుకు తిరిగేదాకా ఉంచండి. ఇదే ప్రజాతిలోని డెండ్రోబియం నోబిల్ సిక్కిం రాష్ట్ర పుష్పం. దానికి కొండల చలి కావాలి, మన మైదానాల్లో పూయించడం కష్టం.

విశాఖ, కాకినాడ, కోనసీమల్లో గాలిలో తేమ ఉంటుంది కాబట్టి వాండాను బుట్టలో ఏమీ వేయకుండా వేళ్లు వేలాడదీసి పెంచొచ్చు. రోజూ తడపాలి. హైదరాబాద్, కర్నూలు పొడి వేసవిలో పొద్దునా సాయంత్రమూ తడిపే ఓపిక ఉంటేనే తెచ్చుకోండి. మట్టి తప్ప వేరే తెలియదనుకునేవారికి స్పాథోగ్లాటిస్ ఉంది. అది నేల ఆర్కిడ్, ఆకుల ఎరువు కలిపిన వదులైన మట్టిలో హాయిగా పెరుగుతుంది.

ఎరువు కొంచెమే చాలు. ఎరువుల దుకాణాల్లో దొరికే 19-19-19 పొడిని లీటరు నీళ్లకు అర గ్రాము మించకుండా కలిపి, పెరిగే కాలంలో వారానికోసారి పోయండి. నెలకోసారి ఒట్టి నీళ్లతో కుండీని బాగా కడగాలి. ఆకు మొదట్లో పిండినల్లి కనిపిస్తే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేస్తే పోతుంది.

సామర్లకోట డాక్టరు గీయించిన బొమ్మ

ఆర్కిడ్ అంటే విదేశీ పువ్వనుకుంటాం. ఈస్టిండియా కంపెనీ డాక్టరు విలియం రాక్స్‌బరో 1780ల్లో సామర్లకోటలో ఉంటూ మన ప్రాంతపు మొక్కల్ని పరిశీలించాడు, ఇక్కడి చిత్రకారుల చేత బొమ్మలు గీయించాడు. ఆయన కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకం మొదటి సంపుటం 1795లో వచ్చింది. పసుపు, గోధుమరంగు గళ్ల రేకులతో, ఊదారంగు పెదవితో ఉండే వాండా ఆర్కిడ్ అందులో ఉంది. తెలుగు నేల మీద మామిడిచెట్ల పైన, అడవుల్లో ఈనాటికీ పూస్తోంది. తూర్పు కనుమల్లో నక్కతోక ఆర్కిడ్ కూడా ఉంది. అస్సాంలో బిహు పండక్కి ఆడవాళ్లు జడలో తురుముకునేది దాన్నే, అది ఆ రాష్ట్ర పుష్పం.

అలాంటిది కొమ్మ మీద కనబడితే పీకి ఇంటికి తెచ్చుకోవాలనిపిస్తుంది. వద్దు. వేరు బెరడును వదిలేటప్పుడు చాలావరకు తెగిపోతుంది. దాన్ని పోషించే గాలీ తేమా మన ఇంట్లో ఉండవు. పందొమ్మిదో శతాబ్దంలో ఆల్బర్ట్ మిల్లికన్ అనే ఆర్కిడ్ల వేటగాడు కొలంబియాలో పది వేల మొక్కల కోసం నాలుగు వేల చెట్లు కొట్టించిన లెక్క తన పుస్తకంలో తానే ఇచ్చాడు. అలా ఖాళీ అయిన అడవులు మళ్లీ నిండడం అంత సులువు కాదు. నీలి వాండా, ఎర్ర వాండా, లేడీస్ స్లిప్పర్ ఆర్కిడ్లను మన వన్యప్రాణి సంరక్షణ చట్టమే కాపాడుతోంది. ప్రపంచంలోని ఆర్కిడ్ జాతులన్నీ సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం పరిధిలోకి వస్తాయి. బ్యాంకాక్ వెళ్లినవారు సూట్‌కేసులో మొక్క తేవాలన్నా సరైన పత్రాలుండాలి.

కొనేటప్పుడు ఇది ల్యాబ్‌లో పెంచిన మొక్కేనా అని నర్సరీవాళ్లను అడగండి. అడవి మొక్క అంటే కొనకుండా వచ్చేయండి.